బూడిదాయన రెండుసార్లు ‘సరే’ అన్నాడు

ఆ రోజు బూడిదాయన ‘సరే’ అన్నది మా బావమరదులతోనా, ఎదురుగా ఉన్న కంప్యూటరుతోనా? ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. పుస్తకంలో ఇలాంటి చిక్కు వస్తే చివరి పేజీలు తిరగేసి జవాబు చూసుకునే అలవాటు నాది. మనుషుల విషయంలో ఆ వెసులుబాటు లేదు. చివరి పేజీ వాళ్ళే పట్టుకుపోతారు.

మా వీధి మొదట్లో ఫొటో స్టూడియో ఉండేది. ముందు గదిలో యజమాని ఫొటోలు తీసేవాడు. వెనక గదిలో బూడిదాయన వాటిని కంప్యూటర్లో బాగుచేసేవాడు. మొటిమలు తీసేయడం, మూసుకున్న కళ్ళు తెరిపించడం, రానివాళ్ళను వచ్చినట్టు నిలబెట్టడం, ఇవన్నీ ఆయన పనులే. అవసరమైతే కెమెరా కూడా పట్టేవాడు. నలుపు తెలుపు ఫొటోలంటే మాత్రం ప్రాణం. ఆయన గదికి నాలుగు గోడలూ బూడిద రంగు, తలుపూ బూడిద రంగు, ఒంటిమీద చొక్కా బూడిద రంగు. ఆయనకేదో మొక్కుందని కొందరు, పాపం ఒక్కటే చొక్కా ఉందని కొందరు అనుకునేవారు. ఇస్త్రీ చేసేవాడు మాత్రం, “ఒకటి కాదండీ, బోలెడున్నాయి. ఏది ఏదో ఆయనకే తెలీదు” అని సాక్ష్యం చెప్పాడు.

అసలు సంగతి వేరు. పక్కన రంగుంటే కన్ను అబద్ధమాడుతుందని ఆయన నమ్మకం. ఒకసారి ఎర్ర శాలువా కప్పుకుని ఒకావిడ మొగుడితో లోపలికొచ్చింది. “కాస్త బయట నిలబడతారా అమ్మా? మీ శాలువా వెళ్ళి మీ ఆయన బుగ్గల మీద పడుతోంది” అన్నాడు. ఆవిడ వెంటనే మొగుడి బుగ్గల వంక అనుమానంగా చూసింది. బూడిదాయన చూపించింది తెరమీది బుగ్గల్ని.

ఆ స్టూడియోలో నాకు పనేమిటంటే, కూర్చోవడం. వెనక గది తలుపుకెదురుగా ఒక బెంచీ, దాని పక్కన కిటికీ ఉండేవి. చదువుకోవడానికి మంచి వెలుతురు. ఇంట్లో నాకొక కుర్చీ ఉండేది గానీ, దాంట్లో అప్పటికి మా అత్తగారు కూర్చుని ఉన్నారు.

అత్తగారు నా కుర్చీలోకి రావడానికి కారణం ఒక గోడ. మామగారు కట్టిన ఇంట్లో ఇద్దరు బావమరదులూ చెరో భాగంలో ఉండేవారు. వీధి వైపు గోడ మాత్రం ఇద్దరికీ ఒకటే. దానికి రంగు వేయాల్సి వచ్చింది. పెద్దవాడు ఆకుపచ్చ అన్నాడు, చిన్నవాడు నీలం అన్నాడు. ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చుకుని, ఎవరి చివర నుంచి వాళ్ళు మొదలుపెట్టి, గేటు పక్కన కలుసుకున్నారు. కలుసుకున్నచోట గీత వంకర పోయింది. నా వైపు వేలెడంత జరిగావని వీడు, నువ్వే జరిగావని వాడు. అంతే, మాటలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఒకరికొకరు ఏదైనా చెప్పాల్సి వస్తే గేటుతో చెప్పేవారు. “ఈ గేటు గడియ వేయడం కొందరికి రాదు” అని ఒకడు గేటుతో అంటే, “గడియ సంగతి సరే, గీత గీయడం కొందరికి రాదు” అని రెండోవాడు అదే గేటుతో అనేవాడు.

అత్తగారు కొన్నాళ్ళు చూశారు. ఒకనాడు ఇద్దర్నీ కేకేసి, “మీ నాన్న కట్టిన ఇంటికి నడినెత్తిన పాపిట తీశారు కదరా! ఇద్దరూ ఆ గోడ ముందు భుజానికి భుజం ఆనించి నిలబడాలి. మధ్యలో గాలి దూరకూడదు. ఆ ఫొటో తెచ్చి నా చేతిలో పెట్టిన రోజున ఈ గడప తొక్కుతాను. అందాకా అల్లుడుగారి ఇంట్లోనే నా మకాం” అని సంచి సర్దుకుని వచ్చేశారు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను పుస్తకం వైపు చూశాను. తల ఎత్తేసరికి కుర్చీ లేదు.

ఆవిడ ఆ సంచి విప్పలేదు. బట్టలు అందులోంచే తీసి, ఉతికి, మడతపెట్టి, మళ్ళీ అందులోనే పెట్టి, తలుపు దగ్గర ఉంచేవారు. వీధిలో గేటు చప్పుడైతే చెయ్యి సంచి మీదకు పోయేది. పోస్టుమాన్ అయితే వెనక్కి వచ్చేది. నేను నేలమీద చదువుకుంటుంటే, “చివరికి కలుస్తారా, లేదా?” అని అడిగేవారు.

“ఇంకా అంతదాకా రాలేదండీ.”

“పొద్దుట్నుంచీ చదువుతున్నారుగా! ఆ రాసినాయన కూడా మా పెద్దాడిలాంటివాడే. ఏదీ తెమల్చడు.”

అందుకని బెంచీ.

బెంచీ మీద కూర్చోవడం వల్ల నాకు తెలిసిందేమిటంటే, అమ్మ వెనక్కి రావాలని ఇద్దరికీ ఉంది, కలిసి నిలబడాలని ఇద్దరికీ లేదు. మొదట చిన్నవాడు వచ్చాడు. “మాస్టారూ, నన్ను విడిగా తీయండి. మా అన్నయ్య ఫొటో ఎలాగో సంపాదించి పక్కన అతికించండి. మూడో కంటికి తెలియకూడదు” అన్నాడు. ఆ సాయంత్రమే పెద్దవాడు వచ్చి అదే మాట అన్నాడు. ఆలోచనలు కూడా కవలల్లా పుట్టే ఈ అన్నదమ్ములకు గోడ దగ్గరే ఎందుకు తేడా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. పెద్దవాడు ఆకుపచ్చ చొక్కాలో, చిన్నవాడు నీలం చొక్కాలో వచ్చి, పార్టీ జెండాల్లా నిలబడి ఫొటోలు దిగారు. విడివిడిగా తీసినట్టు అమ్మకు ఆనవాలు దొరకకూడదని అసలు ఫొటోలు అక్కడికక్కడే చెరిపించేశారు. అతుకుతున్న ఫైల్ ఒక్కటే మిగిలింది.

బూడిదాయన వాళ్ళను పొరలుగా పేర్చాడు. అడుగున తను వెళ్ళి తీసుకొచ్చిన గోడ ఫొటో, దానిమీద ఒక అన్న, వాడిమీద ఒక తమ్ముడు. అద్దాల మీద బొమ్మలు గీసి ఒకదానిమీద ఒకటి పెట్టినట్టు. తెరకు ఒక పక్కన ఆ పొరల వరస కనిపిస్తూ ఉంటుంది. పెద్దవాడు మొదటిసారి చూడవచ్చినప్పుడు పొరపాటున ఆ వరస చదివాడు.

“ఇదేంటి మాస్టారూ, నేను కిందున్నాను?”

“కింద కాదండీ, వెనక. భుజాలు ఆనాలంటే ఒకరిది కాస్త వెనక ఉండాలిగా.”

“వాడి వెనకా? వాడికి నడక నేర్పిందే నేను!”

బూడిదాయన ‘పెద్ద’ అని పేరున్న పొరను పట్టుకుని పైకి లాగాడు. మర్నాడు చిన్నవాడొచ్చాడు. “ఓహో, ఇక్కడా పెత్తనమేనా? అన్నయ్య భుజం నా భుజాన్ని తినేసింది చూడండి” అన్నాడు. ‘చిన్న’ పైకెళ్ళింది. ఆ వారమంతా అన్నదమ్ములు ఆ వరసలో లిఫ్టులో జనంలాగా ఎక్కుతూ దిగుతూనే ఉన్నారు.

రంగు దగ్గర ఇంకో చిక్కొచ్చింది. చిన్నవాణ్ణి పొద్దున కిటికీ వెలుగులో తీశాడు, పెద్దవాణ్ణి సాయంత్రం ట్యూబులైటు కింద. ఒకడు పచ్చగా కామెర్లవాడిలా, ఒకడు పాలిపోయి దెయ్యాన్ని చూసినవాడిలా వచ్చారు. “రంగుల్లో వీళ్ళు ఒక తల్లి పిల్లలంటే ఎవరూ నమ్మరండీ. నలుపు తెలుపే దారి” అన్నాడు బూడిదాయన నాతో. అన్నిటికన్నా పైన ఒక నలుపు తెలుపు పొర వేశాడు. అంతే. ఇద్దరూ ఒకే ఇంట్లో పుట్టినవాళ్ళలా కనిపించారు. గోడ మీద పాపిట ఏమైందో నాకర్థం కాలేదు. ఆ ఆకుపచ్చా ఆ నీలమూ నలుపు తెలుపులోకి వచ్చేసరికి రెండూ ఒకే బూడిద అయ్యాయి.

“రంగు పోయినట్టేనా?” అన్నాను.

“లేదండీ, నిద్రపుచ్చాను. ఈ పైపొర తీస్తే లేచి కూర్చుంటుంది. మోడ్ మార్చి గ్రేస్కేల్, అంటే ఫైల్ మొత్తాన్నీ ఉత్త బూడిదగా, చేసేస్తే మాత్రం ఇక లేవదు.”

“ఎప్పుడైనా అలా చేశారా?”

ఆయన నా వైపు, నేనేదో బూతు మాటన్నట్టు చూశాడు. “ఎప్పుడూ చేయను. పొరలు కలపను, మోడ్ మార్చను. పెళ్ళి ఫొటోలకైనా సరే. విడదీసే దారి ఒకటి ఉంచుకోవాలండీ. రేపేమవుతుందో ఎవరు చూశారు?”

ఆ మాట మీదే ఆయన జీవితం నడిచేది. వేరే ఊళ్ళో కూతురు సొంతంగా స్టూడియో పెట్టుకుంది. “నాన్నా, వచ్చేయ్. ఇక్కడ నీకు ఇంతకన్నా పెద్ద బూడిద గది కట్టిస్తాను” అని ఫోను చేసేది. “ఈ ఒక్క ఫైలూ మూసేసి వస్తానమ్మా” అనేవాడు. ఏ ఫైలూ పూర్తయిందనుకోని మనిషి, మూసేది ఎప్పుడు?

నలుపు తెలుపులో ఇంకో మాయ ఉంది. ఆ పైపొరలో రంగుకొక మీట ఉంటుంది. ఆకుపచ్చ మీట కుడివైపు జరిపితే ఒకప్పుడు ఆకుపచ్చగా ఉన్నవన్నీ తెల్లబడతాయి. ఎడమకు జరిపితే నల్లబడతాయి. ఈ రహస్యం పెద్దవాడికి తెలిసిపోయింది. వచ్చి బూడిదాయన చెవిలో, “నా సగం గోడ కాస్త తెల్లగా రానివ్వండి. వాడి సగం కాస్త మాసినట్టు” అన్నాడు. మీట జరిగింది. గోడతోపాటు పెద్దవాడి చొక్కా కూడా మల్లెపువ్వైంది.

“ఇదేంటి, నేను కాంపౌండరులా ఉన్నాను?”

“మీ గోడా మీ చొక్కా ఒకే రంగు కదండీ. గోడ తెల్లబడితే మీరూ తెల్లబడతారు.”

మర్నాడు చిన్నవాడు కాంపౌండరయ్యాడు. ఆ మర్నాడు మళ్ళీ పెద్దవాడు. వాళ్ళు వెళ్ళగానే బూడిదాయన మీటలు మళ్ళీ మధ్యకే జరిపేసేవాడు. ఫొటో ఎంతకీ అచ్చు వరకూ రాలేదు.

అలా ఉండగా ఒకరోజు అత్తగారు స్టూడియోకి వచ్చారు. కొడుకుల కోసం కాదు, నాకోసం. “రోజూ పుస్తకం చంకన పెట్టుకుని ఎక్కడికెళుతున్నారో చూద్దామని వచ్చాను. మా అమ్మాయి అడగదు, నేనడుగుతాను” అంటూ లోపలికొచ్చి, తలుపులోంచి తెర చూసి ఆగిపోయారు.

తెరమీద కొడుకులిద్దరూ గోడ ముందు భుజానికి భుజం ఆనించి నవ్వుతున్నారు.

ఆవిడ నెమ్మదిగా వెళ్ళి బూడిదాయన కుర్చీ వెనక నిలబడ్డారు. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. “వెధవలు. నాకు చెప్పనేలేదు” అన్నారు. ఇంకా దగ్గరగా చూద్దామని బల్లమీద చెయ్యి ఆనించారు. చెయ్యి మౌస్ మీద పడింది. పొర పక్కన చిన్న కన్ను గుర్తుంటుంది. అది మూసుకుంటే ఆ పొర కనిపించదు. కన్ను మూసుకుంది. పెద్దకొడుకు మాయమయ్యాడు.

“అయ్యో, నా పెద్దాడు! ఏం చేశావు వాణ్ణి? ముందు బయటికి తియ్యి!”

“ఉన్నారండీ, ఉన్నారు, కంగారుపడకండి” అంటూ బూడిదాయన కంగారుపడి నొక్కాడు. పెద్దవాడొచ్చాడు, చిన్నవాడు పోయాడు. చిన్నవాణ్ణి తెచ్చేసరికి గోడ పోయింది. అంతా తిరిగి వచ్చేసరికి ఆవిడకు సంగతి అర్థమైపోయింది.

“అంటే వీళ్ళు నిలబడలేదు. నువ్వు నిలబెట్టావు.”

“అవునండీ.”

“కన్ను మూసి తెరిచేలోగా మాయమయ్యే కొడుకులు ఇంటి దగ్గరే ఉన్నారు నాయనా. మళ్ళీ ఫొటోలో కూడా ఎందుకు?” తెరమీదకు వంగి అడిగారు. “ఇలా విడదీయడానికి వీల్లేకుండా చేయలేవా?”

“చేయొచ్చండీ. నేనెప్పుడూ చేయలేదు.”

“ఏం?”

“తర్వాత ఎవరైనా మార్చమంటే కష్టం కదండీ.”

“ఇద్దర్ని కన్నాను. తర్వాత మార్చుకునే వీలు నాకెవరిచ్చారు?”

ఆవిడ ఇంటికెళ్ళి, తలుపు దగ్గరున్న సంచి తీసుకొచ్చి, విప్పి, బట్టలన్నీ మా బీరువాలో సర్దేశారు. ఖాళీ సంచి దులిపి మేకుకు తగిలించారు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ముక్కు చీదుకుంది. తర్వాత ఫోను తీసి ఇద్దరు తమ్ముళ్ళకూ ఒకే మాట చెప్పింది. “అమ్మ సంచి విప్పింది. ఇక రాదు. ఎవడి గోడ వాడు నెత్తిన పెట్టుకుని ఊరేగండి.”

ఆ దెబ్బకు మర్నాడు ఇద్దరూ స్టూడియోకి పరుగెత్తుకొచ్చారు. ఖర్మకాలి ఒకేసారి వచ్చారు. వెనక గది తలుపులో ఇరుక్కున్నారు. లోపల గేటు లేదు గనక బూడిదాయనతో మాట్లాడటం మొదలుపెట్టారు.

“మాస్టారూ, అది ఇప్పుడే అచ్చు వేయండి. నా భుజం ముందుకు పెట్టి వేయండి.”

“మాస్టారూ, భుజం ముందుకు పెట్టమనే వాళ్ళను వెనక్కి జరగమనండి.”

“కాస్త బయట నిలబడండి, మీ చొక్కాలు తెరమీద పడుతున్నాయి” అన్నాడు బూడిదాయన. ఎవరు వింటారు?

“ఆకుపచ్చ తెల్లబరచండి!”

“ముందు నీలం!”

బెంచీ మీది నుంచి నాకు తెర సగం కనిపిస్తోంది. దానిమీద ఒక పెట్టె లేచింది. పొరలన్నీ కలిపేయమంటారా అని యంత్రం అడిగే పెట్టె అది. “నా మాట వినండి మాస్టారూ!” అని అరిచాడు పెద్దవాడు. “సరే” అన్నాడు బూడిదాయన. మౌస్ టక్కుమంది. ఇంకో పెట్టె లేచింది. రంగు వివరాలు పారేయమంటారా అనేది. “ఆయన మాట కాదు, నా మాట!” అన్నాడు చిన్నవాడు. “సరే” అన్నాడు బూడిదాయన. మళ్ళీ టక్కుమంది. ఆయనకు ఏ చిన్న పనైనా చేసిన వెంటనే రెండు వేళ్ళతో కీబోర్డు నొక్కి ఫైల్ భద్రపరిచే అలవాటు. భద్రపరిచాడు. ఎవరైనా అరిస్తే ఫైల్ మూసేసే అలవాటు. మూసేశాడు.

మళ్ళీ తెరిచాడు. పక్కన పొరల వరసలో ఒకే ఒక్క పొర. “అయ్యో” అన్నాడు. ఆ అయ్యో కాస్త ఆలస్యంగా వచ్చినట్టు నాకనిపించింది. అనిపించడమే.

“ఏమైంది?” అన్నారు ఇద్దరూ.

“మోడ్ మారిపోయిందండీ. పొరలు కలిసిపోయాయి. ఇక మీటలు పనిచేయవు.”

“విడదీయండి!”

“దేన్నండీ? ఆకుపచ్చేదో నీలమేదో దానికిప్పుడు తెలీదు. అంతా ఒకే బూడిద.”

ఇద్దరూ తెరమీదకు వంగారు. చొక్కాలు రెండూ ఒకే ఛాయలో ఉన్నాయి. ఎవరి భుజం ఎక్కడ అయిపోయి ఎవరిది ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం నా వల్ల కాలేదు. “నాకు భుజం లేదు!” అన్నాడు పెద్దవాడు. “నాకే లేదు!” అన్నాడు చిన్నవాడు. పెద్దవాడు గిర్రున తమ్ముడి వైపు తిరిగి, “చూశావట్రా, ఇద్దర్నీ కలిపి ఎలా ముంచాడో!” అన్నాడు. “అదే కదన్నయ్యా నేననేది!” అన్నాడు చిన్నవాడు. అన్నాక ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. గేటు సాయం లేకుండా మాట్లాడేశారు.

అప్పుడు నేను ఆ బెంచీ మీద మొట్టమొదటిసారి నోరు విప్పాను. “ఆ అతుకుల సంగతి మీ అమ్మగారికి తెలిసిపోయింది. దాన్ని బంగారు చట్రంలో పెట్టిచ్చినా రారు” అన్నాను.

“బావగారూ, మీరు ఎప్పుడొచ్చారు?” అన్నాడు చిన్నవాడు.

“విడివిడిగా నేనిక తీయనండీ,” అన్నాడు బూడిదాయన లేస్తూ. “ఇద్దరూ ఒకే వెలుగులో నిలబడితే తీస్తాను. ఇప్పుడు బయట వెలుగు బాగుంది.” సంచి భుజాన వేసుకున్నాడు. కెమెరా సంచీ అంత లావుగా ఎందుకుందో అప్పుడు నాకు తట్టలేదు. మూత కిందనుంచి ఒక బూడిదరంగు చొక్కా చెయ్యి బయటికి వేలాడుతూ ఉంది.

ఇద్దర్నీ వాళ్ళింటి గోడ ముందు నిలబెట్టాడు. మధ్యలో పాపిట. ఎవరి సగం వాళ్ళు వదలరు, ఎదుటివాడిది వేలెడు కూడా ఆక్రమించకుండా ఉండరు. ఒకరినొకరు భుజంతో నెట్టుకున్నారు. నిజం చెప్పాలంటే మధ్యలో గాలి దూరలేదు. పెద్దవాడు నోరు తెరిచి ఏదో తిడుతుండగా, చిన్నవాడు వంకర గీత వైపు వేలు చూపిస్తుండగా బూడిదాయన నొక్కాడు.

బూడిదాయన నలుపు తెలుపులోనే వేసిచ్చిన అచ్చులు రెండూ తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టాను. అతుకుల ఫొటో ముందు చూశారు. “నవ్వుతూ నిలబడ్డ ఈ బుద్ధిమంతులెవరో నాకు తెలీదు” అని నా ఒళ్ళో పడేశారు. రెండోది చూశారు. చాలాసేపు చూశారు. “ఆఁ, వీళ్ళు. వీళ్ళయితే నా వెధవలే” అని లేచి, మేకు మీది సంచి అందుకున్నారు.

అందరం కలిసి బయల్దేరాం. బూడిదాయన కూడా వచ్చాడు. గేటు దగ్గర ఆవిడ ఆగిపోయారు. “ఫొటోలో లేని గీత ఇక్కడుందే!” అన్నారు.

“ఫొటోలో గోడంతా ఒకటే రంగు కదమ్మా,” అన్నాడు పెద్దవాడు నేల చూస్తూ. “బానే ఉంది మరి.”

“బూడిద వేయిద్దాం” అన్నాడు చిన్నవాడు.

“ఏ బూడిద?”

“ఏ బూడిదేమిటి? లేత బూడిద.”

“లేతేంటి? రెండు వానలకు మాసిపోతుంది. ముదురు.”

బూడిదాయన సంచిలోంచి ఒక అట్టముక్క తీశాడు. ఫొటో తీసేముందు వెలుగు కొలుచుకునే బూడిదరంగు అట్ట అది. నలుపుకీ తెలుపుకీ సరిగ్గా మధ్య ఉంటుందట. పాపిట మీద ఆనించి పట్టుకున్నాడు. “ఇది” అన్నాడు.

“ఇది కాస్త ముదురు” అన్నాడు చిన్నవాడు.

“కళ్ళున్నాయా? ఇది లేత!” అన్నాడు పెద్దవాడు.

ఇద్దరూ అట్టకు చెరోవైపు తలపెట్టి వాదించుకోసాగారు. నేరుగానే, ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ. అత్తగారు వాళ్ళ మధ్యనుంచి దారి చేసుకుని గడప దాటి లోపలికెళ్ళారు. లోపలినుంచి ఆవిడ గొంతు వినిపించింది. “ఆ ఫొటో ఆయన్ని టీ తాగి వెళ్ళమనండి అల్లుడుగారూ. ముందు కాళ్ళు కడుక్కోమనండి.”

ఆ రెండు ‘సరే’ల సంగతి అడిగేద్దామని, ఇంతకన్నా మంచి సమయం దొరకదని, నేను బూడిదాయన నిలబడ్డ వైపు తిరిగాను. అట్టముక్క గేటు సందులో ఇరికించి ఉంది. వీధిలో మధ్యాహ్నపు ఎండ పడి ఉంది. చివరిదాకా చూశాను. గోడల నీడల్లో ఎక్కడా బూడిదరంగు చొక్కా కదల్లేదు. కూతురికి చెప్పిన ఆ ఒక్క ఫైలూ మూసేసినట్టున్నాడు.

“మాస్టారేరీ?” అన్నాడు పెద్దవాడు అట్ట మీంచి తల ఎత్తకుండానే.